ఎండలో పని: ఒక్క ఉష్ణమాపకం చాలదు

వేసవిలో ఒక మధ్యాహ్నం గుమ్మఘట్టలో 40 డిగ్రీలు, మచిలీపట్నంలో 36 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వున్నదనుకుందాం. మట్టి తవ్వే మనిషికి ఎక్కడ ప్రమాదం ఎక్కువ? గుమ్మఘట్టలోనే అంటారా? తొందరపడకండి!

మన శరీరపు ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. కండరాలు పనిచేసేకొద్దీ లోపల వేడి పుడుతుంది. దాన్ని బయటికి పంపే ముఖ్యసాధనం చెమట. 1 గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. ఆ ఉష్ణాన్ని చాలావరకు చర్మం నుంచే తీసుకుంటుంది గనుక ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. అక్కడ చెమట కారుతుందే గాని త్వరగా ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

మరి గుమ్మఘట్టది పొడిగాలి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు గనుక చెమట పోయలేదనుకుంటాం. కాని గట్టిగా శ్రమించేవారు గంటకు లీటరు దాకా నీరు కోల్పోవచ్చు. ఆ లోటు తీరకపోతే గుండెకూ, మూత్రపిండాలకూ భారమవుతుంది.

మూడు కొలతలు

ఈ తేడా తెలియాలంటే మూడు ఉష్ణమాపకాలు కావాలి. ఒకటి నీడలో వుంచిన మామూలుది. రెండవది బల్బుకు తడిగుడ్డ చుట్టినది. మూడవది నల్లరంగు పూసిన రాగిగోళం లోపల అమర్చి ఎండలో వుంచినది. తడి కొలతను 7తో, గోళం కొలతను 2తో, మామూలు కొలతను 1తో హెచ్చించి, మొత్తాన్ని 10తో భాగించాలి. 1950 దశకంలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాలలో వడదెబ్బను నివారించడానికి ఈ సూచికను రూపొందించారు.

గుమ్మఘట్టలో తడి కొలత 25, గోళం కొలత 50 అనుకుంటే సూచిక 31.5. మచిలీపట్నంలో అవి 30, 46 అనుకుంటే సూచిక 33.8. చూశారా! ఉష్ణోగ్రత తక్కువైన చోటే ప్రమాదం ఎక్కువ. ఎండకు అలవాటుపడినవారికైనా మధ్యరకం శ్రమకు అంతర్జాతీయ ప్రమాణం 28. కాబట్టి రెండుచోట్లా నీడ, నీరు, నడుమ విశ్రాంతి తప్పనిసరి.

ఈ లెక్క ఎవరికోసం?

2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. చెరువు పూడికతీత, కందకాల వంటి పనులు ఎక్కువగా సాగేది సేద్యం లేని వేసవిలోనే. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా మరణించారు. భూమి సగటు ఉష్ణోగ్రత 19వ శతాబ్దం చివరినాటికంటే ఇప్పటికే 1 డిగ్రీకి పైగా పెరిగింది. గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటిఆవిరిని పట్టివుంచగలదు.

పనిచేసే చోట ఆరోగ్యాన్ని పరిశీలించేందుకే ఒక శాస్త్రం వుంది. అహమ్మదాబాదులో ఇందుకు జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వుంది. చెన్నైలోని శ్రీ రామచంద్ర సంస్థలో ఆచార్య విద్యా వేణుగోపాల్ ఉప్పుమడుల కార్మికులపై వేడి ప్రభావాన్ని పరిశోధించారు. ఈ రంగానికి భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, గణితం మూడూ కావాలి. వీటితోబాటు కూలీల మాట ఓపికగా వినే గుణమూ కావాలి.

చేసి చూడండి

రెండు ఒకేరకం ఉష్ణమాపకాలను నీడలో వేలాడదీయండి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి విసరండి. పది నిమిషాల తర్వాత రెండు కొలతలూ రాసుకోండి. ఎండరోజునా, వానరోజునా ఇలాగే చేయండి. తేడా ఏ రోజు తక్కువ? ఎందుకు?