గుడ్డ బిగింపు: ఫైబర్ డోర్ ప్యాడ్ పనిలో మొదటి పాఠం

వార్షికోత్సవ సంచికల్లో లెక్కల చిట్కాలు, ఇంగ్లీషు గ్రామరు, పోటీ పరీక్షల సమాచారం వస్తూనే ఉంటాయి. అవి కావలసినవే. అయితే పదో తరగతి అయ్యాక, ఐటిఐ అయ్యాక చేతిపనిలోకి వెళ్ళేవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్ళలో కార్ల సీట్లు కుట్టే షాపుల్లో, మ్యూజిక్ సిస్టమ్ బిగించే షాపుల్లో మనవాళ్ళకు పని దొరుకుతుంది. అక్కడ నేర్చుకోదగ్గ పనుల్లో ఒకటి ఫైబర్‌తో కారు డోర్ ప్యాడ్‌ను కొత్త రూపంలో తయారు చేయడం. ఈ పనిలో సగం నైపుణ్యం గుడ్డను లాగి బిగించడంలోనే ఉంది. అందుకే పాఠం అక్కడి నుంచి చెబుతాం.

ఫైబర్ పని మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. కొత్తపేట శిల్పశాలల్లో విగ్రహాన్ని ముందు మట్టితో చేసి, దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో కంచుగానీ ఫైబర్‌గానీ పోస్తారు. మన పేటల్లో నిలబడిన విగ్రహాల్లో సిమెంటువి, కంచువి, ఫైబర్‌వి మూడు రకాలూ ఉన్నాయి. కాకినాడ, ఉప్పాడ, అంతర్వేది తీరాల్లో 2004 డిసెంబరు సునామీ తర్వాత చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. బోటుకూ అచ్చే ఆధారం. ఒక అచ్చు చేసుకుంటే పది బోట్లు తీయవచ్చు. ప్రపంచంలో చూస్తే 1953లో అమెరికాలో వచ్చిన షెవర్లే కార్వెట్ కారు బాడీ మొత్తం ఫైబర్‌దే. మన దేశంలో 1980లలో బెంగుళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ కారు కూడా అంతే. అవీ అచ్చులోంచి వచ్చినవే.

డోర్ ప్యాడ్ సంగతి వేరు. ఒక కారుకు, ఒక యజమాని కోరికకు, ఒకే ఒక్క జత చేయాలి. దానికి అచ్చు చేస్తే గిట్టుబాటు కాదు. కాబట్టి చట్రం మీద గుడ్డను లాగి బిగించి, ఆ గుడ్డకే రెసిన్ పట్టించి గట్టిపరుస్తాం. ఇక్కడ గుడ్డే అచ్చు, గుడ్డే వస్తువు. బిగింపులో వంకర ఉంటే అది చివరిదాకా పోదు. పుట్టీ పెట్టి సరిచేద్దామనుకుంటే ప్యాడ్ బరువెక్కుతుంది, తలుపు కొట్టినప్పుడల్లా ఆ పుట్టీ బీట్లు తీస్తుంది.

ముందు చట్రం. పాత డోర్ ప్యాడ్ విప్పి దాని కొలతకు పలచని ప్లైవుడ్‌గానీ హార్డ్ బోర్డుగానీ కోయాలి. క్లిప్పుల రంధ్రాలు, గ్లాసు తిప్పే హ్యాండిల్, లాక్ ఎక్కడ వస్తాయో గుర్తు పెట్టాలి. స్పీకర్ కోసం చెక్కతో గుండ్రటి రింగు కోసి, కావలసిన వాలులో పుల్లల మీద నిలబెట్టి, జిగురు, స్క్రూలతో గట్టిగా పట్టించాలి. ఈ దశలోనే చట్రాన్ని తలుపుకు తగిలించి రెండు పరీక్షలు చేయాలి. గ్లాసు పూర్తిగా కిందికి దించితే స్పీకర్ వెనక అయస్కాంతానికి తగులుతోందా? తలుపు వేస్తే రింగు సీటుకుగానీ డాష్‌బోర్డుకుగానీ తగులుతోందా? గుడ్డ ఎక్కించాక ఈ సంగతి తెలిసి ఏం లాభం? ఇంకో మాట. కొన్ని కొత్త కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సార్ తలుపులోనే ఉంటుంది. అలాంటి తలుపు జోలికి కంపెనీ వాళ్ళను అడగకుండా వెళ్ళకూడదు. కస్టమర్ తొందరపెట్టినా సరే.

ఇక గుడ్డ. బండారులంక, ఉప్పాడ, పులుగుర్త మగ్గాలు చూసినవాళ్ళకు పడుగు, పేక అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నేసిన గుడ్డ పడుగు వైపు లాగినా, పేక వైపు లాగినా సాగదు. ఐమూలగా లాగితేనే కొంచెం సాగుతుంది. అల్లిన గుడ్డ అలా కాదు, దానిలో దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది కాబట్టి అన్ని వైపులా సాగుతుంది. మన బనియన్ గుడ్డ అలాంటిదే. డోర్ ప్యాడ్‌కు అల్లిన గుడ్డే కావాలి. బనియన్ గుడ్డతో పని నడుస్తుందిగానీ అది పలచన, రెసిన్‌ను ఎక్కువ పట్టి ఉంచదు. స్వెట్టర్లకు వాడే ఫ్లీస్ గుడ్డ దీనికి మేలు. నూగు రెసిన్‌ను పీల్చుకుని మందమైన పెంకులా తయారవుతుంది. గుడ్డ కొనేటప్పుడు రెండు వైపులా లాగి చూడండి. ఒక వైపే సాగేదైతే వద్దు.

చట్రానికి నాలుగు వైపులా జానెడు ఎక్కువ ఉండేలా గుడ్డ కత్తిరించాలి. గుడ్డను చట్రం మీద పరిచి, అంచును వెనక్కి మడిచి, స్టేప్లర్ గన్‌తో వెనక వైపు పిన్నులు కొట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ముఖ్యం. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టుకుంటూ పోతే ముడతంతా చివరి మూలకు చేరి కుప్ప పడుతుంది. నవారు మంచం బిగించేటప్పుడు ఎదురెదురుగా లాగినట్టే ఇక్కడా లాగాలి. పై అంచు మధ్యలో ఒక పిన్ను, దానికి ఎదురుగా కింది అంచు మధ్యలో ఒకటి. తర్వాత ఎడమ మధ్య, కుడి మధ్య. అక్కడ నుంచి రెండేసి వేళ్ళ దూరంలో మూలల వైపు జరుగుతూ, ప్రతి పిన్నుకూ ఎదురు పిన్ను కొట్టాలి. మూలల్ని చివర్లో కొద్దికొద్దిగా పంచి మడవాలి. అరచేత్తో తడితే గుడ్డ కొంచెం ఎగిరిపడాలి. అంతకంటే లాగితే రింగు చుట్టూ నూగు విడిపోయి గుడ్డ పలచబడుతుంది, లేదా పలచటి ప్లైవుడ్డే వంగిపోతుంది.

లాగిన గుడ్డకు ఒక స్వభావం ఉంది. అది ఎత్తుల మీదుగా పోతుందిగానీ పల్లంలోకి దిగదు. రెండు రాటల మధ్య కట్టిన పందిరి గుడ్డ లాగే ఎత్తు నుంచి ఎత్తుకు వంతెన వేస్తుంది. సబ్బు నీటిలో తీగ ముంచి తీస్తే ఏర్పడే పొర కూడా వీలైనంత తక్కువ వైశాల్యం ఉండేలా సర్దుకుంటుందని సైన్సులో చదివాం కదా, ఇదీ దాదాపు అదే. ఆ స్వభావం వల్లే రింగు నుంచి ప్యాడ్ అంచుకు అంత అందమైన వంపు దానంతటదే వస్తుంది. చేతి తలగడ కింద లాగా లోపలికి గుంట కావాలంటే అక్కడ ఒక చెక్కపట్టీ పెట్టి, గుడ్డను దానికి అదిమి ఫెవిక్విక్ చుక్కలతో పట్టించాలి. రింగు చుట్టూ కూడా గుడ్డను జిగురుతో పట్టించాలి. రింగు మధ్య గుడ్డను మాత్రం ఇప్పుడే కోయవద్దు. పెంకు గట్టిపడ్డాకే కోయాలి, లేకపోతే బిగువు పోతుంది.

డప్పుకు తోలు మూయడం చూసినవాళ్ళు ఇక్కడొక తేడా గమనించాలి. తడి తోలు ఆరినకొద్దీ తానే బిగుస్తుంది. మన గుడ్డ అలా కాదు. రెసిన్ బరువుకు తడిసి కొంచెం జారుతుంది. కాబట్టి కావలసిన బిగువంతా ముందే ఉండాలి. మొదటి పూత ఒక్కసారిగా కుమ్మరించకుండా బ్రష్‌తో అద్దుతూ పట్టించాలి. గుడ్డ రంగు ఒకే తీరుగా మారి తడి వెనక వైపుకు కనబడితే రెసిన్ లోపలిదాకా పోయినట్టు. పాలిస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. చట్రాన్ని చదును బల్లకు క్లాంపులతో పట్టి ఉంచి, ఒక రోజు కదపకపోతే ప్యాడ్ మెలి తిరగదు.

ఇప్పుడు రాసేది ప్రతి ఒక్కరూ రెండుసార్లు చదవాలి. బజారులో రెసిన్‌తో పాటు రెండు సీసాలిస్తారు. ఊదా రంగులో ఉండేది కోబాల్ట్. నీళ్ళలా ఉండేది క్యాటలిస్ట్. ఈ రెంటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు. పోస్తే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. ముందు రెసిన్‌లో కోబాల్ట్ వేసి బాగా తిప్పాలి. అది పూర్తిగా కలిసిపోయాకే క్యాటలిస్ట్ వేయాలి. కొలిచే మూత కూడా రెంటికీ వేరువేరుగా ఉండాలి. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్ళద్దాలు లేకుండా సీసా మూత తీయవద్దు. ఒకవేళ పడితే ఆ క్షణమే ధారగా నీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఖాళీ మంచినీళ్ళ సీసాలో క్యాటలిస్ట్ పోసి పెట్టే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. అలా ఎక్కడ కనబడినా పెద్దవాళ్ళతో చెప్పి తీయించండి. రెసిన్ ఘాటును ముఖానికి కట్టుకున్న చేతిరుమాలు ఆపదు. ఆవిరిని పట్టే ఫిల్టరున్న మాస్కు, గాలి ఆడే చోటు, చేతులకు గ్లవుజులు ఉండాల్సిందే. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం, 18 ఏళ్ళలోపు వారిని ప్రమాదకరమైన పనిలో పెట్టడం చట్ట ప్రకారం నేరం. 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి ఈ మాట చేర్చారు. సెలవుల్లో షాపుకు వెళ్ళే తమ్ముళ్ళు చట్రం, గుడ్డ పని నేర్చుకోండి. రెసిన్ కలిపే పని పెద్దవాళ్ళది. కలపమని ఎవరైనా చెబితే కుదరదని చెప్పే హక్కు మీకుంది.

కొలత విషయానికొస్తే, 100 గ్రాముల రెసిన్‌కు క్యాటలిస్ట్ 1 నుంచి 2 గ్రాములు. మన మే నెల ఎండల్లో ఒకటి చాలు, డిసెంబరు ఉదయాల్లో రెండు దాకా పడుతుంది. కోబాల్ట్ ఎంతన్నది డబ్బా మీద చూసుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. తడి గుడ్డ మీద రెసిన్ సరిగా పట్టదు, పైన జిగట మిగిలిపోతుంది. కలిపిన రెసిన్ డబ్బాలో మిగిలితే దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. థర్మోకోల్ కప్పులో మాత్రం పోయవద్దు, రెసిన్ దాన్ని తినేస్తుంది.

పెంకు గట్టిపడ్డాక వెనక వైపు గ్లాస్ మ్యాట్ రెండు పొరలు వేయాలి. వెనకే ఎందుకంటే ముందు వైపు నునుపు పాడవకుండా. తర్వాత ముందు పలచగా పుట్టీ, 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 120, 220. ఆ దుమ్ములో గాజు పొడి ఉంటుంది, కాబట్టి తడిపి రుద్దడం మేలు. చివర్లో రెక్సిన్, దానికి ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు. ఈ పనులు సీట్లు కుట్టే ఏ మేస్త్రీ దగ్గరైనా వారంలో వస్తాయి. ఇదే దారిలో పైకి చదవాలనుకునేవారికి ఐటిఐలో ఆటో బాడీ రిపేర్ ట్రేడు ఉంది. విజయవాడ దగ్గర సూరంపల్లి సీపెట్‌లో పదో తరగతి మీద ప్లాస్టిక్స్ డిప్లొమా కోర్సులున్నాయి.

అభ్యాసం: అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాత ఫోటో ఫ్రేము తీసుకుని, మధ్యలో ఒక చిన్న చెక్క రింగు ఎత్తుగా నిలబెట్టి, పాత బనియన్ గుడ్డ బిగించి చూడండి. రెసిన్ అక్కరలేదు. ముడత లేకుండా వచ్చేదాకా పిన్నులు పీకి మళ్ళీ కొట్టండి. తర్వాత లెక్క కట్టండి. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు, మ్యాట్ బరువుకు రెండుంపావు రెట్లు రెసిన్ వేస్తే దీనికి ఎంత కావాలి? (జవాబు: వైశాల్యం సుమారు 0.14 చదరపు మీటర్లు, మ్యాట్ సుమారు 125 గ్రాములు, రెసిన్ సుమారు 280 గ్రాములు. గుడ్డ పీల్చే రెసిన్ దీనికి అదనం.)