ఉన్ని కూడా జుట్టే: స్వెటర్ మెత్తగా ఉండాలంటే

డిసెంబరు వచ్చిందంటే బెంగళూరులో పొద్దున క్లాసుకు సగం మందిమి స్వెటర్లలోనే వస్తాం. రాత్రి చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది మరి. అయితే బీరువాలోంచి తీసిన స్వెటర్ పోయినేడు ఉన్నంత మెత్తగా ఉండదు. ఒకటి బిగుసుకుపోయి ఉంటుంది, ఒకటి సాగి వేలాడుతుంటుంది, ఇంకోటి మెడ దగ్గర గుచ్చుకుంటుంది. "ఊలు మంచిది కాదు" అనేస్తాం. చాలాసార్లు తప్పు ఊలుది కాదు, ఉతుకుడుది.

ఈ విషయం మీద నాకింత పట్టింపు ఎందుకంటే, మా అమ్మ ఆర్డర్ల మీద స్వెటర్లు అల్లుతుంది. ఇంటిపని అయ్యాక కూర్చుంటే పెద్దవాళ్ల స్వెటర్ ఒక్కటి పూర్తి కావడానికి 20 రోజులు పడుతుంది. నా ఫీజులో కొంత ఆ సూదుల మీంచే వస్తుంది. పోయిన చలికాలం ఒకావిడ తన పాప స్వెటర్ వెనక్కి తెచ్చారు. వేడినీళ్లలో నానబెట్టి, సబ్బు రుద్ది, బ్రష్ కొట్టారట. ఆరేళ్ల పిల్లకు అల్లింది మూడేళ్ల పిల్లకు కూడా పట్టేలా లేదు. అమ్మ మారుమాట అనలేదు గానీ, ఆ వీధి నుంచి మళ్లీ ఒక్క ఆర్డరూ రాలేదు. అప్పటినుంచి ప్రతి స్వెటర్‌తో పాటు ఉతికే పద్ధతి రాసిన చీటీ ఒకటి పెడుతున్నాం. తెలుగులోనూ కన్నడంలోనూ నేనే రాస్తాను. చీటీలో పట్టని కారణాలు ఈ గోడమీద రాస్తున్నాను.

నేత వేరు, అల్లిక వేరు

చీరలో పడుగు, పేక అని రెండు వరుసల దారాలు ఉంటాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి బట్ట అంతగా సాగదు. స్వెటర్‌లో అలా కాదు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలోంచి ఒకటి దూరుతూ పోతుంది. లాగితే ఉచ్చు సాగుతుంది, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. ఒంటికి హాయిగా పట్టేది అందుకే, తడిగా ఉన్నప్పుడు బరువుకు సాగిపోయేదీ అందుకే.

మన భాషలో జడనూ అల్లుతాం, స్వెటర్‌నూ అల్లుతాం. కన్నడంలోనూ అంతే, రెండింటికీ 'హెణె' అనే మాటే. మన ఉన్ని వాళ్లకు 'ఉణ్ణె'. ఈ పోలిక మాటల్లోనే కాదు, పదార్థంలోనూ ఉంది. గొర్రె ఉన్ని, మన జుట్టు రెండూ కెరటిన్ అనే ప్రొటీనే. ఉన్నిపోగు మీద చేప పొలుసుల్లాంటి చిన్న చిన్న పొలుసులు ఉంటాయి. వేడి, సోడా ఘాటు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు లేచి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. జుట్టు జడలు కట్టినట్టే ఉన్ని అట్టకడుతుంది. అలా పూర్తిగా అట్టకట్టింది ఇక వెనక్కి రాదు.

మీది ఉన్నేనా?

బజారులో ఊలు అని అమ్మేదంతా ఉన్ని కాదు. తక్కువ ధరకు దొరికేది చాలావరకు ఆక్రిలిక్, అంటే ప్లాస్టిక్ జాతి పోగు. కొన్నదైతే లోపలి లేబుల్ చూడండి. అల్లించుకున్నదైతే ఊలు ఉండకు ఉండే కాగితం అడిగి దాచుకోండి. ఏదీ లేకపోతే మిగిలిన ఊలు ముక్క చిన్నది పటకారుతో పట్టుకుని, వంటింటి సింకు దగ్గర, పెద్దవాళ్లు పక్కన ఉండగా కాల్చి చూడవచ్చు. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఉన్నిని ఉతికే పద్ధతి

మొదట స్వెటర్‌ను పాత పేపరు మీద పరిచి, పెన్సిలుతో చుట్టూ గీత గీసుకోండి. ఆరేసేటప్పుడు ఆ కొలతే దారి చూపిస్తుంది. తర్వాత గుండీలు పెట్టి, లోపలివైపు బయటికి తిప్పండి.

సబ్బుకు అమ్మ వాడేది కుంకుడుకాయే. తలకు పనికొచ్చేది ఉన్నికీ పనికొస్తుంది. ఎనిమిదో పదో కాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికి, పల్చటి బట్టలో తప్పకుండా వడకట్టాలి. లేకపోతే పిప్పి ఉచ్చుల్లో ఇరుక్కుంటుంది. రసం పూర్తిగా చల్లారాకే వాడాలి. తెల్ల స్వెటర్‌కు కుంకుడు రంగు అంటే వీలుంది, దానికి ఘాటు లేని షాంపూ ఒక చెంచా మేలు. బట్టల సబ్బు బిళ్లలో ఘాటు ఎక్కువ. మరకలు కరిగించే ఎంజైములున్న పౌడర్లు ప్రొటీన్‌ను తినేవి, ఉన్నీ ప్రొటీనే కదా! బ్లీచింగ్ మాట ఎత్తనే వద్దు.

నీళ్లు చేతికి చల్లగానో, గోరువెచ్చగానో తగలాలి, 30 డిగ్రీలు దాటకూడదు. ఉతికే నీళ్లు, జాడించే నీళ్లు ఒకే వేడిలో ఉండాలి. పది నిమిషాలు నానబెట్టి, అరచేతులతో నొక్కి వదలండి. రుద్దడం, బండకు బాదడం కూడదు. పైకి తీసేటప్పుడు భుజాలు పట్టి లాగకుండా, చంటిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులూ కింద పెట్టి ఎత్తండి.

మనలో కొందరి ఇళ్లకు కావేరి నీళ్లు, కొందరికి బోరు నీళ్లు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అది మామూలు సబ్బుతో కలిస్తే తెల్లటి మడ్డి అయి పోగుల మీద కూర్చుంటుంది. గరుకుదనానికి అదొక పెద్ద కారణం. కుంకుడు రసంతో ఆ మడ్డి రాదు. షాంపూ వాడినా, బోరు నీళ్లయితే చివరి జాడింపులో ఒక చెంచా వెనిగర్ కలపండి. ఆరాక వాసన ఉండదు.

పిండొద్దు. పొడి తువ్వాలు మీద పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, పైనుంచి నొక్కండి. నీళ్లన్నీ తువ్వాలు పీల్చుకుంటుంది. తర్వాత ఇంకో తువ్వాలు మీద, గీసుకున్న కొలతకు సర్ది, నీడలో పడుకోబెట్టి ఆరేయండి. తీగ మీద వేస్తే తడి బరువుకు సాగిపోతుంది.

ఆక్రిలిక్ సంగతి

ఇది అట్టకట్టదు, మెషీన్లో వల సంచిలో వేసి మెల్లగా తిప్పినా ఓర్చుకుంటుంది. దీని శత్రువు వేడి. ఇస్త్రీ పెట్టె తగిలితే ఉచ్చుల బిగువు పోయి, స్వెటర్ నీరసించి వేలాడుతుంది. మళ్లీ బాగుపడదు.

ఇక చంకల దగ్గర, బ్యాగు రాసుకునే చోట లేచే చిన్న ఉండలు ఏ స్వెటర్‌కైనా వస్తాయి. వాటిని గోటితో లాగితే లోపలి పోగులు ఇంకా బయటికొచ్చి కొత్త ఉండలు కడతాయి. బల్ల మీద పరిచి చిన్న కత్తెరతో కత్తిరించండి.

ఉతకడం తగ్గించండి, దాచడం నేర్వండి

లోపల నూలు చొక్కా వేసుకుంటే స్వెటర్‌కు చెమట పెద్దగా అంటదు. నాలుగైదుసార్లు వేసుకున్నాక ఉతికితే చాలు, మధ్యలో గాలికి ఆరబెట్టండి. చలికాలం పోయాక మాత్రం ఉతక్కుండా లోపల పెట్టొద్దు. ఉన్నిని తినే పురుగులకు చెమట, మరకలు ఉన్న చోటంటేనే ఇష్టం. హ్యాంగరుకు తగిలించకుండా మడిచి, శుభ్రమైన నూలు బట్టలో చుట్టి పెట్టాలి. కలరా ఉండలు వేస్తే ఉన్నికి తగలకుండా కాగితంలో కట్టండి. వానాకాలంలో ఎండ కాసిన రోజు ఒకసారి తీసి దులపండి.

చివరిగా ఒక మాట. స్వెటర్‌కు గంజి పెట్టవచ్చా అని ఒక జూనియర్ అడిగింది. తెలంగాణలో కురుమలు నేసే గొంగడికి చింతగింజల గంజి పెడతారు. అది బిరుసుగా ఉండి వానకూ చలికీ ఓర్వాలి. మన స్వెటర్ మెత్తగా ఉండాలి, కాబట్టి గంజి వద్దు.

మీ ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నికీ అల్లికకూ వాడే మాటలు వేరే ఉంటే, ఒక కాగితం మీద రాసి డిపార్ట్‌మెంటులో ఇవ్వండి. వచ్చే సంచికలో వాటిని వరసపెట్టి రాస్తాను. చీటీ కావలసినవాళ్లు అడగండి, నా దగ్గర తెలుగువీ కన్నడవీ రెండూ ఉన్నాయి.