శ్వాసయంత్రము – ఊపిరితిత్తుల రక్షణ

మన భాషలో తిత్తి యనగా తోలుసంచి. కమ్మరి కొలిమికి గాలి నూదు సాధనమును కొలిమితిత్తి యనియు, మన రొమ్మునందు గాలి నింపుకొను అవయవమును ఊపిరితిత్తి యనియు పూర్వులు పేరిడిరి. ఈ రెంటికిని పోలిక కలదు, భేదమును కలదు. ఆ భేదమును గ్రహించినవారికి, ఆసుపత్రులలో వాడబడు శ్వాసయంత్రము (వెంటిలేటరు) ఎట్లు ప్రాణమును నిలుపునో, ఎట్లు హాని కూడ చేయగలదో తేటపడును. శాస్త్రజ్ఞులు ఆ హానిని కనుగొని తగ్గించిన విధమును ఈ వ్యాసమునందు విద్యార్థులకు వివరింపదలచితిమి.

కమ్మరి తిత్తిని నొక్కి గాలిని ముందునకు తోయును. మన ఊపిరితిత్తులలోనికి గాలిని తోయువారెవ్వరును లేరు. రొమ్మునకును కడుపునకును నడుమనుండు ఉదరవితానమను కండరము క్రిందికి దిగగానే రొమ్ముగూడు విశాలమగును. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికంటె కొంచెము తగ్గును. గాలి తనంతట తానే లోనికి ప్రవేశించును. నెమ్మదిగా కూర్చున్న పెద్దమనిషి ఒక్కొక్క శ్వాసకు సుమారు 500 మిల్లీలీటరుల గాలిని పీల్చును. ఆ గాలి శ్వాసనాళముల కొమ్మలగుండ పోయి, కొనలయందుండు వాయుకోశములను చేరును. ఇట్టి కోశములు మనుష్యునియందు సగటున 48 కోట్ల వరకు కలవు. వీని గోడలు మిక్కిలి పలుచనివి. ఆ గోడల నానుకొనియున్న సన్నని రక్తనాళములలోనికి ప్రాణవాయువు చేరును. రక్తములోని బొగ్గుపులుసు వాయువు వెలికి వచ్చును. కోశములు ముడుచుకొని అంటుకొనిపోకుండ సర్ఫాక్టెంటు అను జారుడు పదార్థము వాని లోపలి తలమున పూయబడియుండును.

ఊపిరాడని ప్రాణికి బయటినుండి గాలి నందించు ప్రయత్నము ప్రాచీనమైనదే. 1543వ సంవత్సరమున వెసేలియస్ అను శరీరశాస్త్రజ్ఞుడు జంతువుయొక్క శ్వాసనాళమున రెల్లుగొట్టము నుంచి, దానిలోనికి గాలి నూది, ప్రాణము నిలుపవచ్చునని వ్రాసెను. 1928లో అమెరికాలోని బోస్టను నగరమున డ్రింకరు అనునతడు నిర్మించిన ఉక్కు పెట్టెలో రోగిని మెడవరకు ఉంచి, పెట్టెలోని గాలిని తీయుచు విడుచుచు ఊపిరాడించిరి. దీనికి ఉక్కు ఊపిరితిత్తి యని పేరు వచ్చెను.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో పోలియో వ్యాధి ప్రబలెను. ఊపిరి కండరములు చచ్చుబడినవారు నానాటికి బ్లెగ్‌డం ఆసుపత్రికి వచ్చుచుండిరి. అచ్చట ఉక్కు పెట్టె యొక్కటియు, రొమ్మునకు తొడుగు చిన్న యంత్రములు ఆరును మాత్రమే కలవు. మొదట వీనితో చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు మత్తుమందు వైద్యుడైన ఇబ్సెన్, రోగి గొంతుకు రంధ్రము చేసి, గొట్టము నమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలిని నేరుగా లోనికి పంపవలెనని చెప్పెను. ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికయందు ఈ పద్ధతిని ప్రయోగింపగా ఆమె బ్రదికెను. యంత్రములు చాలనందున సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా పగలును రాత్రియు రోగుల ప్రక్కన కూర్చుండి ఆ సంచులను నొక్కిరి. మరణములు సుమారు సగమునకు తగ్గెను. తీవ్రరోగులనందరిని ఒక్కచోట నుంచి నిరంతరము కాపాడు నేటి అత్యవసర చికిత్సా విభాగములకు ఇదియే పునాది యని చెప్పుదురు. నాడు విద్యార్థుల చేతులు చేసిన పనిని పిదప యంత్రములు చేయసాగెను.

అయితే పోలియో రోగులలో చెడినవి కండరములు. ఊపిరితిత్తులు చాలవరకు బాగుగానే యుండెను. ఊపిరితిత్తులే చెడినప్పుడేమి చేయవలెను? 1967లో అమెరికాలోని డెన్వరు వైద్యులు ఆష్‌బా, పెటీ మొదలగువారు 12 మంది రోగులను గూర్చి ప్రకటించిరి. వారిలో కొందరికి గాయములు, కొందరికి అంటురోగములు కారణము. కారణములు వేరైనను ఫలమొక్కటియే: ఊపిరి వేగమగుట, ఎంత ప్రాణవాయువు నిచ్చినను రక్తమున కందకుండుట, ఊపిరితిత్తులు బిగుసుకొనిపోవుట. ఈ వ్యాధియందు కోశముల గోడలు దెబ్బతిని, రక్తములోని నీరును మాంసకృత్తులును లోనికి కారును, సర్ఫాక్టెంటు చెడును, కోశములనేకములు నీటితో నిండుటయో, ముడుచుకొనిపోవుటయో సంభవించును. దీనికే తీవ్ర శ్వాసకోశ గాయమని పేరు.

ఇట్టివారికి శ్వాసయంత్రమే శరణ్యము. ఆ దినములలో వైద్యులు రోగి బరువును బట్టి కిలోగ్రామునకు 10 మొదలు 15 మిల్లీలీటరుల వరకు గాలి నిచ్చుచుండిరి. రక్తమునకు ప్రాణవాయువు చక్కగా అందవలెననియే వారి తలంపు. కాని ఆ గాలియే హాని చేయునేమో యను సందేహము కొందరికి కలిగెను. 1974లో వెబ్, టియర్నీ అనువారు ఎలుకలకు 45 సెంటీమీటరుల నీటి ఒత్తిడితో గాలి పంపగా, ఒక గంటలోపలనే వాని ఊపిరితిత్తులు నీరుపట్టెను. ఊపిరి విడుచునప్పుడుకూడ కొంత ఒత్తిడి నిలిపియుంచినచో, అంతే ఒత్తిడికి ఆ హాని చాల తగ్గెను.

హాని చేయునది ఒత్తిడియా, లేక సాగుటయా? 1988లో పారిసులో డ్రైఫుస్ మొదలగువారు ఈ ప్రశ్నకు చక్కని యుపాయముతో సమాధానము రాబట్టిరి. ఎలుకల రొమ్మును కడుపును పట్టీలతో బిగించి, ఒత్తిడి హెచ్చుగా నున్నను తిత్తులు సాగకుండ చేసిరి; నీరుపట్టలేదు. మరికొన్నింటిని ఉక్కు పెట్టెవంటి దానిలో నుంచి, బయటినుండి లాగుచు తిత్తులను మితిమీరి సాగదీసిరి, నీరుపట్టెను. కావున తోయుటయా, లాగుటయా యన్నది ముఖ్యము కాదు. మితిమీరి సాగుటయే గాయమునకు కారణమని తేలెను.

అదే దశకమున ఇటలీలోని మిలాను నగరమున గట్టినోని యను వైద్యుడు ఇట్టి రోగుల రొమ్ములను సీటీ చిత్రములతో పరీక్షించెను. తిత్తి యంతయు సమముగా చెడలేదు. కొంత భాగము నీటితో మూసికొనిపోయి, గాలి దూరుటకు మిగిలిన మంచి భాగము అయిదారేండ్ల బాలుని ఊపిరితిత్తి పాటిగా మాత్రమే యుండెను. పదిమందికి వండిన యన్నమును ముగ్గురిచేత తినిపించినచో వారి గతి యేమగును? పెద్దవానికి తగిన గాలి యంతయు ఆ చిన్న భాగములోనికే పోయి, మిగిలిన మంచిదానినికూడ చీల్చుచుండెను. కొండనాలుకకు మందు వేయబోగా ఉన్న నాలుక ఊడినట్లన్న సామెత ఇచ్చట సరిగా సరిపడును.

ఎలుకలయందు తేలినది మనుష్యులయందు నిజమగునా? 1998లో బ్రెజిలు దేశమున అమాటో మొదలగువారు 53 మందియందు చేసిన పరిశోధన తక్కువ గాలియే మేలని చెప్పెను. ఆ కాలముననే జరిగిన మరికొన్ని చిన్న పరిశోధనలలో మేలు కనబడలేదు. ఈ వివాదమును తీర్చుటకై అమెరికాలోని పది విశ్వవిద్యాలయ కేంద్రములు 1996 మొదలు 1999 వరకు ఒక పెద్ద పరీక్షను నడిపెను. 861 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు కిలోగ్రామునకు 12, రెండవ వర్గమునకు 6 మిల్లీలీటరుల చొప్పున గాలి నిచ్చిరి. మొదటి దినములలో రక్తములోని ప్రాణవాయువు ఎక్కువ గాలి పొందినవారికే మెరుగుగా నుండెను. ఆ యంకెను మాత్రమే చూచు వైద్యుడు 12 మిల్లీలీటరులే మేలని నిశ్చయించియుండును. కాని మరణముల లెక్క వేరొక విధముగా నుండెను: ఎక్కువ గాలి వర్గమున నూటికి 39.8, తక్కువ గాలి వర్గమున నూటికి 31. మేలు స్పష్టమగుటచే, అనుకొన్న సంఖ్య పూర్తికాకమునుపే పరీక్షను నిలిపి, 2000వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. నూటికి 8.8 తేడా యనగా, ఇట్టి రోగులు పదునొకండుగురు, పండ్రెండుగురిలో ఒక్కరి ప్రాణము అదనముగా దక్కినట్లు. దీనికి క్రొత్త మందు కాని, క్రొత్త యంత్రము కాని వాడలేదు; ఉన్న యంత్రముయొక్క మీటను తగ్గించుటయే చికిత్స.

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన లెక్క యొకటి కలదు. గాలి కొలతకు రోగి త్రాసు బరువును తీసికొనరాదు. మనిషి లావెక్కినను ఊపిరితిత్తులు పెరుగవు. అవి యెత్తును బట్టి యుండును. కావున పెద్దలయెత్తును సెంటీమీటరులలో కొలిచి, అందుండి 152.4 తీసివేసి, శేషమును 0.91చే గుణించి, పురుషునికి 50, స్త్రీకి 45.5 కలుపవలెను. 170 సెంటీమీటరుల పురుషునికి ఇట్లు 66 కిలోగ్రాములు వచ్చును. 6 చొప్పున 396 మిల్లీలీటరులు. అతడు 90 కిలోగ్రాముల స్థూలకాయుడైనచో త్రాసు బరువుతో 540 వచ్చును. అది యతని తిత్తులకు మితిమీరిన కొలత. అయిదడుగుల స్త్రీకి 273 మిల్లీలీటరులు మాత్రమే చాలును.

తక్కువ గాలికి మూల్యము లేకపోలేదు. బొగ్గుపులుసు వాయువు పూర్తిగా వెలికిపోక రక్తమున కొంత పెరుగును. దానిని కొంతవరకు సహించుటయే మేలని వైద్యులు నేర్చుకొనిరి. 2013లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు గెరాన్ మొదలగువారు 466 మంది తీవ్రరోగులయందు చేసిన పరిశోధన మరియొక యుపాయమును స్థిరపరచెను. దినమునకు 16 గంటలకు తక్కువకాకుండ బోర్ల పరుండబెట్టిన వర్గమున 28 దినములలోపల నూటికి 16 మందియు, వెల్లకిల ఉంచిన వర్గమున 32.8 మందియు మరణించిరి. బోర్లయున్నప్పుడు వీపువైపు కోశములు విచ్చుకొని, గాలి తిత్తి యంతటను సమముగా పరచుకొనును. 2020లో కోవిడ్ వ్యాధి లోకమంతట వ్యాపించినప్పుడు ఈ రెండు పద్ధతులును అనేక దేశములలో రోగులను కాపాడుటకు వాడబడెను.

శ్వాసయంత్రము రోగమును మాన్పదు. గాయము మానుటకు వలయు కాలమును మాత్రము సంపాదించి పెట్టును. ఆ కాలమున అది క్రొత్త గాయము చేయకుండ చూచుటయే వైద్యుని నేర్పు. ఈ చరిత్రవలన మన విద్యార్థులు నేర్వవలసిన శాస్త్రమర్యాద యేమనగా, నేడు కంటికి మెరుగుగా కనబడు అంకె ఒకటి, తుదకు ప్రాణము దక్కుట మరియొకటి. రెండవదానిని లెక్కించి చూచువరకు మొదటిదానిని నమ్మరాదు. పై సూత్రమును అభ్యసింపగోరువారు తమ యింటి పెద్దలయెత్తును కొలిచి, ఒక్కొక్కరికి తగు గాలి కొలతను లెక్కకట్టుదురు గాక.