థాయ్ పల్లెబడిలో పంతులమ్మగా…

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. థాయ్‌లాండ్‌లోని ఈశాన్ ప్రాంతంలో ఒక పల్లెబడిలో వాలంటీరుగా ఇంగ్లిష్ చెప్పబోతున్నాను. అక్కడివాళ్లలో కలిసిపోవాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు కాగితాల సంగతి. జీతం లేకపోయినా అక్కడ పాఠం చెప్పడం ‘పని’ కిందే లెక్క. టూరిస్ట్ వీసాతో వెళ్లకండి. తగిన వీసా, వర్క్ పర్మిట్ ఇప్పించమని మిమ్మల్ని పిలిచిన సంస్థనే గట్టిగా అడగండి.

ఇక మనుషులు. పిల్లలు మిమ్మల్ని ‘ఖ్రూ’ (గురువు) అని పిలుస్తారు, చేతులు జోడించి ‘వాయ్’ పెడతారు. చిరునవ్వుతో తలాడిస్తే చాలు. ముద్దొచ్చినా తల నిమరకండి; అక్కడ శిరస్సు పవిత్రం. పాదాలు ఎవరివైపూ చాపకూడదు. స్త్రీలు బౌద్ధ భిక్షువులను తాకరు.

మే నడుమ బడులు తెరుస్తారు. సాధారణంగా జూన్‌లో ఒక గురువారం ‘వాయ్ ఖ్రూ’ అనే గురువందనం జరుగుతుంది. పిల్లలు మోకాళ్ల మీద వచ్చి గురువులకు పూలు ఇస్తారు. వాటిలో గరిక, నూరువరహాలు, వంగపువ్వు ఉంటాయి. తొక్కినా అల్లుకుపోయే గరిక ఓర్పుకు, మొనదేలిన నూరువరహాల మొగ్గ చురుకైన బుద్ధికి, తల వంచే వంగపువ్వు వినయానికి గుర్తులు. వినాయకుడికి గరిక పెట్టే ఇంట్లో పుట్టిన మీకు ఆ పూట పరాయిగా అనిపించదు. తప్పకుండా ఉండండి.

ఈశాన్‌లో జిగురన్నం మనలాగే చేత్తోనే తింటారు కాబట్టి మొహమాటపడకుండా పిలిచిన ఇంటికల్లా వెళ్లండి. శాకాహారులైతే చేప సాస్ వద్దని ముందే చెప్పండి. పచ్చి బొప్పాయి సలాడ్‌లోనూ అది పడుతుంది.