తప్పును చెప్పే తీరు

తాటిపాక సెంటర్లో ఒక కాఫీ హోటలు. వంటగదిలో గ్యాస్ పైపు వేస్తున్నారు. పెద్ద ఫిట్టరు నట్టు బిగించాడు. "పనైపోయింది" అన్నాడు. సబ్బు నీళ్ళతో చూడడం మరిచాడు. పక్కనున్న కుర్ర ఫిట్టరు అది గమనించాడు.

"నీకు పని రాదు" అంటే పెద్దాయన నొచ్చుకుంటాడు. హోటలు వాళ్ళ ముందు పరువు పోతుంది. మరి ఊరుకుంటే? లీకు ఉంటే ప్రాణాలే పోతాయి.

మన పక్కనున్న నగరం గ్రామం సంగతి మీకు తెలుసు. 2014 జూన్ 27న అక్కడ పెద్ద గ్యాస్ పైపులైను పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. గ్యాస్ దగ్గర ఏమరుపాటు పనికిరాదు.

కుర్రాడు దగ్గరకు వెళ్ళి మెల్లగా అన్నాడు: "బాబాయ్, సబ్బు నీళ్ళు తెచ్చాను. ఒకసారి పూసి చూద్దామా?"

గ్యాస్ వదిలి, నురగ పూశారు. నట్టు దగ్గర బుడగలు వచ్చాయి. అంటే గ్యాస్ లీకవుతోంది! వెంటనే గ్యాస్ కట్టేశారు. నట్టు మళ్ళీ బిగించి చూశారు. ఈసారి బుడగ రాలేదు.

"మంచి పని చేశావురా అబ్బాయ్! నేనే మరిచిపోయాను" అన్నాడు పెద్దాయన.

చూశారా? కుర్రాడు మనిషిని తప్పు పట్టలేదు. పనిని చూపించాడు. పదిమందిలో అనలేదు. దిద్దడానికి తానూ చెయ్యి వేశాడు.

కానీ ఒక్క మాట. గ్యాస్ వాసన వస్తుంటే మర్యాద కోసం ఆగకండి. గట్టిగా కేక వేయండి. అగ్గిపుల్ల గీయకండి. స్విచ్చి ముట్టుకోకండి. అందరినీ బయటకు పంపండి. మర్యాద తరువాత.

ఆలోచించి చెప్పండి:
1. తోటి పనివారి తప్పు చూస్తే మీరు ఎలా చెబుతారు?
2. మీ తప్పు ఎవరైనా చెబితే ఏమంటారు?

చదివి రాయండి: సబ్బు, నట్టు, పైపు, బుడగ, లీకు.