నిద్రించినవారిని గూర్చిన నిరీక్షణ

పాఠ్యభాగము: 1 థెస్సలొనీకయులకు 4:13–18

గడచిన నెలలో మేము ఒక ఇంటి ఆదరణ కూడికకు వెళ్లితిమి. భర్తను భూస్థాపన చేసి పది దినములైన ఒక తల్లి దుఃఖము ఆపుకొనలేక ఏడ్చుచుండెను. “విశ్వాసివై యుండి ఇట్లు ఏడ్వవచ్చునా?” అని పెద్దలొకరు మందలించిరి. మేమును ఆ మాటకు తల ఊపితిమి. కూడిక ముగిసిన తరువాత ఆమె గుమ్మమునొద్ద నిలిచి, “అయ్యగారండీ, నా ఏడుపు సంగతి అటుంచండి. ఆయన ఇప్పుడెక్కడున్నాడో అది చెప్పండి” అని అడిగెను. మేము తిన్నగా జవాబు చెప్పలేక ప్రార్థన చేసి వచ్చితిమి. ఆనాడు చెప్పవలసిన దానినే ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మాసిదోనియలోని థెస్సలొనీకలో పౌలును సీలయు సువార్త ప్రకటింపగా అల్లరి లేచినందున, వారు రాత్రివేళ ఊరు విడువవలసి వచ్చెను (అపొ. కార్య. 17:1–10). ఆ లేత సంఘములో కొందరు మరణించిరి. ప్రభువు వచ్చునాటికి బ్రదికియుండనివారు ఆయన మహిమలో పాలు పోగొట్టుకొందురేమో అని మిగిలినవారు కలవరపడిరి. అందుచేత సుమారు క్రీ.శ. 50 ప్రాంతమున పౌలు కొరింథునుండి ఈ పత్రిక వ్రాసెను.

1. ఏడ్వవచ్చునా? పౌలు దుఃఖపడనే కూడదని వ్రాయలేదు; నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దనెను. లాజరును లేపబోవుచున్నానని యెరిగియు ప్రభువు అతని సమాధియొద్దకు పోవునప్పుడు కన్నీరు విడిచెను (యోహాను 11:35). ఆయన కన్నీరు అవిశ్వాసము కానప్పుడు ఆ తల్లి కన్నీరు ఎట్లు అవిశ్వాసమగును? ఆమెను మందలించిన మనమే దిద్దుబాటు పొందవలెను.

2. ఇప్పుడెక్కడ? సిలువమీద పశ్చాత్తాపపడిన దొంగకు ప్రభువు ఆ దినముననే తనతోకూడ పరదైసులో చోటు వాగ్దానము చేసెను (లూకా 23:43). లోకము విడిచి క్రీస్తుతో నుండుట మరి మేలని పౌలు తలంచెను (ఫిలిప్పీ. 1:23). అక్కడ వారేమి చేయుచున్నారో లేఖనము వివరింపలేదు. మనము కల్పించి చెప్పరాదు. ప్రభువునందు నిద్రించినవారు ఎవరితో నున్నారో అది చెప్పినది. దుఃఖించువారికి అది చాలును.

3. అంతటితో ముగిసెనా? ఆత్మ దేవునియొద్దకు చేరినది, ఇక దేహముతో పనిలేదని మనలో పలువురు తలంతురు. అయినను విశ్వాస ప్రమాణము చెప్పునప్పుడెల్ల శరీరము తిరిగి లేచునని ఒప్పుకొనుచున్నాము. పౌలు దీనిని విత్తనముతో పోల్చెను (1 కొరింథీ. 15:35–44). నారుమడిలో చల్లిన వడ్లగింజ పైకి లేచునప్పుడు గింజగా కనబడదు, పచ్చని మొలకయై వచ్చును. అయినను వడ్లు చల్లిన చోట వరియే లేచును గాని జొన్న లేవదు. అట్లే లేచువాడు ఆ మనుష్యుడే, అయితే మహిమ ధరించినవాడు. లేచిన ప్రభువు చేతులలో మేకుల గురుతులు తోమాకు కనబడెను (యోహాను 20:27). నాగలి పట్టి కాయలు కాచిన ఆ భర్త చేతులను దేవుడు మరువడు.

పూర్వపు క్రైస్తవులు పాతిపెట్టు స్థలమును నిద్రించు చోటు అనిరి; ఇంగ్లీషులోని సెమెటరీ అను మాట ఆ గ్రీకు పలుకునుండియే వచ్చినది. మనవారు సమాధుల తోట అందురు. తోటలో నాటినది లేచునని గదా నాటుదుము!

తీర్పును గూర్చి వేరొక నెలలో ధ్యానింతము. పౌలు ఈ భాగమును, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకొనుడని ముగించెను. కావున మేము ఆ ఇంటికి మరల వెళ్లితిమి. ముందుగా క్షమాపణ అడిగి, తరువాత ఈ సంగతులు చెప్పితిమి. ఆమె విని మరల ఏడ్చెను. ఎవరును ఆమెను వారింపలేదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
(1) మన పేటలో ఈ సంవత్సరము ఎవరి ఇంట మరణము సంభవించెను? కూడిక తరువాత మరల వారిని పలుకరించితిమా?
(2) దుఃఖములో నున్నవారితో మనమాడిన ఏ మాట వారిని నొప్పించియుండును?