మా యింటి వ్యాకరణం

బి.ఎస్సీ. చదివేవాడికి సంధులతో, సమాసాలతో పనేమిటని మా హాస్టలు మిత్రులు నన్ను చాలాసార్లు అడిగారు. ఈ సంచికకు వ్యాసం యివ్వమన్నప్పుడు నేను కూడా మొదట ఎరువుల గురించి వ్రాద్దామనుకున్నాను. కాని గత వేసవి సెలవుల్లో మా యింట్లో జరిగిన రెండు విషయాలు నా చేత దీన్ని వ్రాయించాయి. నేను తెలుగు పండితుణ్ణి కాను. పదవ తరగతి తెలుగులో నాకు వచ్చినవి 42 మార్కులు. తప్పులుంటే తెలుగు శాఖ అధ్యాపకులు మన్నించి దిద్దాలి.

మాది రైతు కుటుంబం. మూడెకరాల నల్లరేగడి, రెండు గేదెలు. నాన్న అయిదుతో బడి మానేశారు. అమ్మ అసలు బడికే వెళ్ళలేదు. నేను ఏడవ తరగతిలో వుండగా ఒకరోజు ఉత్వసంధికి ఉదాహరణ అడిగారు. చెయ్యెత్తి "మూడెకరాలు" అన్నాను. క్లాసంతా నవ్వింది. "నీ పొలం సంగతి కాదు, పుస్తకంలో వున్నది చెప్పు" అన్నారు పాఠం చెబుతున్నవారు. పుస్తకంలో వున్నది 'రాముడతడు'. ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే. వ్యాకరణం చదువుకున్న యిళ్ళవాళ్ళది, మాది కాదు. ఆ తరువాత మూడేళ్ళు సూత్రాలు బట్టీ పట్టాను, పరీక్షలో వ్రాశాను, మరచిపోయాను.

నిజానికి నా జవాబు తప్పు కాదు. హ్రస్వమైన ఉకారం తరువాత అచ్చు వస్తే, ఆ ఉకారం పోయి వెనక వచ్చిన అచ్చు హల్లును పట్టుకుంటుంది. మూడు, ఎకరాలు - మూడెకరాలు. 'ఎకరం' ఇంగ్లీషు నుండి వచ్చిన మాటే. అయితేనేం, తెలుగువాడి నోట పడ్డాక అది కూడా తెలుగు సంధికి లొంగింది. పైగా సంఖ్య ముందున్నది కాబట్టి అదే మాట ద్విగు సమాసానికి కూడా ఉదాహరణ. ఈ సంగతి నాకు ఎనిమిదేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

అమ్మ మాటల్లో వెదికాం

మా చెల్లెలు ఈ ఏడు పదవ తరగతి. సెలవుల్లో ఒక మధ్యాహ్నం వ్యాకరణం పుస్తకం ముందు పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అన్నయ్యా, ఇవన్నీ ఎవరు కనిపెట్టారు? మనం మాట్లాడుకునేటప్పుడు ఇవేమీ లేవుగా!" అన్నది. నా ఏడవ తరగతి గుర్తుకు వచ్చింది. పుస్తకం మూయించాను. అరుగు మీద అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ పక్కింటి పిన్నితో మాట్లాడుతోంది. అరగంటసేపు అమ్మ అన్న మాటలు అన్నట్టే వ్రాయమన్నాను. రెండు పేజీలు నిండాయి. తరువాత ఇద్దరం కూర్చుని వాటిలో పుస్తకాన్ని వెదికాం.

ముందు దొరికింది 'కూరగాయలు'. కూర, కాయ. కాయలోని 'క' ఏమైంది? 'గ' అయింది. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. క, చ, ట, త, ప లు వరుసగా గ, స, డ, ద, వ లు కావడమే గసడదవాదేశం. ఈ పేరు చూసే మా చెల్లెలు భయపడింది. అప్పుడు నా సైన్సు కొంచెం పనికివచ్చింది. గొంతు మీద వేలు పెట్టుకుని 'క' అను, తరువాత 'గ' అను అన్నాను. 'గ' అన్నప్పుడు గొంతు అదురుతుంది. అచ్చులు పలికినప్పుడు ఎలాగూ అదురుతూనే వుంటుంది. రెండు అచ్చుల మధ్య 'క' కోసం ఆ అదురును ఆపి మళ్ళీ మొదలుపెట్టడం కంటె, సాగనివ్వడం నోటికి సుళువు. అలా సాగితే క, ట, త లు గ, డ, ద లవుతాయి. చ, ప ల దగ్గర ఊపిరి పూర్తిగా ఆగకుండా జారిపోతుంది, స, వ లు వినిపిస్తాయి. సూత్రం నోటి శ్రమను బట్టి పుట్టింది, బెత్తాన్ని బట్టి కాదు.

'పొలంగట్టు' దొరికింది - పొలం యొక్క గట్టు, షష్ఠీ తత్పురుషం. 'నల్లరేగడి' దొరికింది - నల్లనైన రేగడి, విశేషణ పూర్వపద కర్మధారయం. 'పట్టపగలు' దొరికింది - పగలు, పగలు అన్న మాట రెండుసార్లు వచ్చి ఒకటైంది. రెండోసారి వచ్చినదాన్ని ఆమ్రేడితం అంటారు.

అన్నిటికంటె మా చెల్లెలికి నచ్చినవి అసమాపక క్రియలు. "తెల్లారగట్లే లేచి, పేడ తీసి, పాలు పితికి, అన్నం వండి చేలోకి పోయా" అన్నది అమ్మ. లేచి, తీసి, పితికి, వండి - నాలుగూ క్త్వార్థకాలు. 'పోయా' ఒక్కటే సమాపక క్రియ. అక్కడికిగాని వాక్యం ముగియదు. అమ్మ రోజు కూడా అంతే. ఇక 'వాన పడితే' అనేది చేదర్థకం. 'వాన పడినా' అనేది అప్యర్థకం. పడితే విత్తుతాం, పండితే అప్పు తీరుస్తాం అనుకుంటాం. వాన పడినా పండలేదు, పండినా ధర లేదు అని చెప్పుకుంటాం. రైతు ఏడాది చేదర్థకంతో మొదలై చాలాసార్లు అప్యర్థకంతో ముగుస్తుంది. ఈ పేర్లు తెలియకముందు నాకు ఆ తేడా యింత స్పష్టంగా కనిపించలేదు.

మరి ఎవరు కనిపెట్టారన్న ప్రశ్నకు జవాబు? పేర్లు పెట్టినవారు పండితులు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అందులోని పేర్లే ఇప్పటికీ బడిలో నేర్పుతున్నారు. కాని న్యూటన్ చెప్పకముందు కూడా మామిడికాయ క్రిందికే పడేది. చిన్నయసూరి ముఖ్యంగా కావ్యభాషకు వ్యాకరణం వ్రాశారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి (1863-1940) జీవితమంతా పోరాడవలసి వచ్చింది. మా అమ్మ 'వచ్చిద్ది' అంటుంది. ఆ రూపం చెల్లెలి పుస్తకంలో లేదు. లేనంత మాత్రాన అది తప్పని నేను ఒప్పుకోను.

గురువులు, లఘువులు, కొంచెం లెక్క

ఛందస్సు దగ్గర అరక, నాగలి సహాయం చేశాయి. దీర్ఘాక్షరం గురువు. సున్నగాని, విసర్గగాని, పొల్లుగాని వున్న అక్షరం గురువు. ఒకే మాటలో జంటాక్షరానికి ముందున్నది గురువు. తక్కినవి లఘువులు. 'అరక' మూడూ లఘువులు, న గణం. 'నాగలి' ఒక గురువు, రెండు లఘువులు, భ గణం. 'కల్లంలో' మూడూ గురువులే, మ గణం. ప్రతి చోటా రెండే అవకాశాలు కాబట్టి మూడక్షరాలకు రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది గణాలు. తొమ్మిదోది వుండడానికి వీల్లేదు. గణాలు ఎనిమిదే ఎందుకో బడిలో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ, చంపకమాలకు న-జ-భ-జ-జ-జ-ర అని విడివిడిగా వల్లించాం. కాగితం మీద గుర్తులు వేసి చూడండి. ఉత్పలమాల మొదటి గురువును తీసి దాని చోట రెండు లఘువులు పెడితే అచ్చంగా చంపకమాల వస్తుంది! అందుకే అక్షరాలు 20 నుండి 21కి, యతిస్థానం 10 నుండి 11కి జరిగాయి. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి కాబట్టి రెండు పాదాల్లోనూ మాత్రలు 28. శార్దూలం మొదటి గురువును అలాగే విడదీస్తే మత్తేభం. యతి 13 నుండి 14కు జరుగుతుంది, మాత్రలు రెంటిలోనూ 30. నాలుగు బట్టీలు రెండయినాయి. ఆ సాయంత్రం చెల్లెలు తనంతట తాను మళ్ళీ పుస్తకం తెరిచింది.

కర్త ఎక్కడ?

రెండవ విషయం నాన్నది. మా పొలాల ప్రక్కన మురుగుకాలువ పూడిపోయింది. వాన గట్టిగా పడితే నీరు నిలిచి మిరపమొక్క వేరుకుళ్ళుతో చచ్చిపోతుంది. నాన్న ఒక కార్యాలయంలో అర్జీ యిచ్చారు. చాలాకాలానికి జవాబు వచ్చింది. "మీ అర్జీ పరిశీలించబడుచున్నది. తగు చర్యలు తీసుకొనబడును." నేను చదివి వినిపించాను. నాన్న విని, "ఎవరు పరిశీలిస్తున్నార్రా? ఎవరు తీసుకుంటారు?" అన్నారు.

నేను కాగితం మళ్ళీ చూశాను. నిజమే, కర్త లేడు. బడిలో కర్తరి వాక్యాన్ని కర్మణిగా మార్చేటప్పుడు కర్తకు 'చేత' చేర్చేవాళ్ళం. ఆ 'చేత' తీసేసినా వాక్యం పడిపోదని మాకెవరూ చెప్పలేదు. చేసినవాడు తప్పుకున్నా పని జరుగుతున్నట్టే వినిపిస్తుంది. పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న అనుకున్నది మా మూడెకరాల మీదికి వచ్చింది.

ఒక్క ఆఫీసులనే అనడం న్యాయం కాదు. కిందటేడు లేబొరేటరీలో నా చెయ్యి తగిలి బ్యూరెట్టు పగిలింది. రిజిస్టరులో నేనేం వ్రాశాను? "బ్యూరెట్టు పగిలినది." పగులు అన్నది అకర్మక క్రియ. ఆ వాక్యంలో బ్యూరెట్టే కర్త! తప్పంతా గాజుమీదికి పోయింది.

నేనూ నాన్నా మరో అర్జీ వ్రాశాం. ఈసారి ప్రతి వాక్యంలోనూ కర్త వున్నాడు. మేము ఏ తేదీన అర్జీ యిచ్చామో, ఎన్ని ఎకరాల్లో నీరు నిలుస్తున్నదో వ్రాసి, దీనిని ఎవరు పరిశీలిస్తున్నారు, ఎప్పటిలోగా చూస్తారు అని అడిగాం. మూడు వారాలకు జవాబు వచ్చింది. కర్త ఇంకా లేడుగాని ఒక తేదీ వుంది. ఆ తేదీన ఒకాయన వచ్చి కాలువ కొలుచుకుని వెళ్ళారు. ఈ వ్యాసం వ్రాసేనాటికి పూడిక తీయలేదు. వ్యాకరణం వల్ల కాలువ బాగుపడిందని చెప్పడం అబద్ధమవుతుంది. కాని ఏ కాగితం వచ్చినా నాన్న ఇప్పుడు ముందుగా అడిగేది, "దీంట్లో కర్త వున్నాడా?" అని.

మన కళాశాల నుండి ఏటా ఎంతోమంది బి.ఇడి.కి వెళ్తారు. ఉపాధ్యాయులవుతారు. వారికి ఒక్క మనవి. పారిభాషిక పదాలు తీసెయ్యకండి. అవి పనిముట్లు. పేరు తెలియని పనిముట్టును అడిగి తీసుకోలేం. కాని సూత్రం చెప్పకముందు పిల్లల యింటి మాట ఒకటి అడగండి. వెనక బెంచీలో ఒక కుర్రవాడు "మూడెకరాలు" అంటే, క్లాసు నవ్వకముందే ఆ మాటను బోర్డు మీద వ్రాయండి.